అత్తగారి చెమట

పెద్దాయన ఆరిన బట్టలు మడతపెడుతూ మధ్యమధ్య ముక్కు మూసుకుంటున్నారు. ఎదురుగా ఆయన భార్య ఫ్యాను ఆపుకుని మహారాణిలా కూర్చుంది.

వాళ్ళ కోడలు శాస్త్రవేత్త. మనిషి చెమటలో సూక్ష్మజీవుల్ని చంపే బుల్లి ప్రోటీన్ ముక్కలుంటాయట, వాటి మీద పరిశోధన చేస్తోంది. ఇంటిల్లిపాది చెమటా పరీక్షిస్తే అత్తగారిదే గెలిచింది. “రెండ్రోజులు మోచేతికి సబ్బు పెట్టకండి అత్తయ్యా” అంది కోడలు. ఆవిడ అసలు స్నానమే మానేసి నెలైంది.

“ఇవాళైనా నాలుగు చెంబులు పోసుకోవే, నీకు పుణ్యముంటుంది” అని బతిమాలారు పెద్దాయన. “ఊపిరాడక చచ్చిపోతున్నాను.”

“చచ్చేది సూక్ష్మజీవులండీ, మీరు కాదు.”

అంతలో కోడలు వచ్చింది. “అత్తయ్యా, మీరింక స్నానం చెయ్యొచ్చు.”

పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది.

“మరి నా చెమటో?” అందావిడ, మొహం మాడ్చుకుని.

“అందరిదీ మళ్ళీ పరీక్షిస్తే దాన్ని మించింది దొరికింది. మామయ్యగారు ఈమధ్య ఎందుకో రోజంతా వీధుల్లోనే తిరుగుతున్నారుగా, ఆయనది! మామయ్యగారూ, రెండ్రోజులు మోచేతికి...”

“నువ్వెళ్ళమ్మా” అంది అత్తగారు, కొంగు బిగిస్తూ. “ఎలా ఉండాలో ఆయనకి నేను దగ్గరుండి నేర్పిస్తా.”

పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని, సబ్బు జేబులో పెట్టుకుని గడప దాటారు.