అంగిట్లో కన్నం

నలుగురు పిల్లల్ని పెంచిన సూరమ్మకి కోడలి వరస నచ్చలేదు. గంగాభవానికిది తొలికాన్పు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న పిల్లాడు నెల తిరక్కుండానే పీలగా అయిపోయాడు. రొమ్ము పట్టుకుంటాడు, రెండు గుటకలకే అలిసిపోతాడు, ఏడుస్తాడు. భవానికి చూస్తే రవిక తడిసిపోయేటన్ని పాలు. బిడ్డని పట్టుకోవడం రాక కడుపు మాడుస్తోందని సూరమ్మ వాళ్ళుండే హిందీ ఊరి రైలు క్వార్టర్లలో అందరికీ చెప్పింది.

ఆ పొద్దున కొడుకు నూకరాజు ధమ్తరి వెళ్ళే చిన్న రైలింజనులో బొగ్గు వెయ్యడానికి డ్యూటీకి వెళ్ళాక, సూరమ్మ తనే పక్కన కూర్చుని మనవడి తల రొమ్ముకి ఆనించి పట్టుకుంది. వాడు ఆత్రంగా చప్పరించాడు. అంతలోనే పొలమారింది. రెండు ముక్కుల్లోంచీ పాలు బయటికొచ్చాయి.

సూరమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఇదివరకూ ఇలా వొచ్చినాయా?"

"రోజూ వస్తన్నాయత్తా. నువ్వు తిడతావని తుడిసేత్తన్నాను," అంది భవాని తల దించుకుని.

సూరమ్మ పిల్లాణ్ణి చీరకొంగులో చుట్టి, కోడల్ని వెంటబెట్టుకుని రైలాసుపత్రికి నడిచింది.

నర్సు చెంచా కాడతో వాడి నాలుక నొక్కి, లోపలికి టార్చి వేసింది. కాసేపు చూసి, సూరమ్మని దగ్గరికి పిలిచింది. ఎర్రగా నున్నగా ఉండాల్సిన అంగిట్లో వేలు పట్టేంత కన్నం. ముక్కులోకి దారి తెరుచుకుని, నల్లగా. సూరమ్మ బల్ల మీద కూలబడింది. పిల్లాడి పెదవి చీలకుండా చక్కగానే ఉంది. అందుకే పురుడు పోసిన మంత్రసాని కూడా కనిపెట్టలేదు.

కన్నంలోంచి గాలి పోవడంతో వీడికి పాలు లాగే పట్టు దొరకదని నర్సు హిందీలో చెప్పింది. తల్లి పాలు మంచివే, వాటినే పంపుతో తీసి, పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా పొయ్యాలంది. కాస్త పెద్దయ్యాక ఆ కన్నాన్ని కలకత్తాలో డాక్టర్లు కుడతారట. గాజు గిన్నె, దాని వెనక రబ్బరు బంతి ఉన్న పంపు ఒకటి తెచ్చి భవాని రొమ్ముకి పెట్టింది. బంతి నొక్కి వదిలేసరికి పాలు సన్నటి ధారగా గాజులోకి దిగాయి.

"మరింక నా దగ్గర తాగడా?" అని భవాని ఏడ్చింది.

నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

సూరమ్మ ఆ గాజులోని పాలనే చూస్తోంది.

"మా అత్త నా పాలల్లో సీమనేసింది," అంది, ఎవరితో అంటోందో తెలియనట్టు. "అది సచ్చిపోయింది. నా పాలు ఇసమని ఊరంతా సెప్పింది. మేకపాలు పోసినారు. అవీ ముక్కులోంచే వొచ్చీసినాయి. నా సిన్నారావు నోట్లోకి ఎవలూ సూడలేదే, బవానీ. నానూ సూడలేదు."

భవాని ఏడుపు ఆగిపోయింది. అత్తకి అలాంటి కొడుకొకడు ఉండేవాడని ఆమెకి ఆ క్షణం దాకా తెలియదు. తన పాలే బిడ్డని చంపాయని సూరమ్మ ఇన్నేళ్ళూ మనసులో నమ్ముతూనే ఉంది. తర్వాతి పిల్లలు ఆ పాలే తాగి పెరిగినా ఆ నమ్మకం పోలేదు.

నర్సు చెంచా అందించబోతే సూరమ్మ పుచ్చుకుంది. మనవణ్ణి ఒళ్ళో నిటారుగా ఆనించుకుని చుక్కచుక్కగా పోసింది. వాడు మింగాడు. మళ్ళీ నోరు తెరిచాడు. గాజు గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ చెంచా దించలేదు. వాడు ఏడవకుండా నిద్రపోయాడు.

సాయంత్రం నూకరాజు వచ్చి, నర్సు ఇచ్చి పంపిన పంపు రబ్బరు బంతి పెళ్ళాం చేతిలో చూసి బిత్తరపోయాడు. సూరమ్మ కొడుకుని కూర్చోబెట్టి, ముందు పసితనంలోనే పోయిన అతని అన్న చిన్నారావు సంగతి చెప్పింది. బొగ్గుమసి కడుక్కోవడం కూడా మరిచిపోయి నూకరాజు వింటూ ఉండిపోయాడు.

వానలు పడేనాటికి పిల్లాడి బుగ్గలు నిండాయి. భవాని పాలు తీసిస్తూనే ఉంది.