రెండు పేర్ల చెంబు

పుంగనూరు బజారులో పొద్దునపూట బండి నడిపేవాళ్ళకు ఒక అలవాటుంది. కుక్క అడ్డమొస్తే హారన్ కొడతారు, ఆవు అడ్డమొస్తే తిట్టుకుంటారు, పాత్ర అడ్డమొస్తే మాత్రం బండి ఆపి, కాలు కింద పెట్టి, మర్యాదగా నిలబడతారు. నిన్న సాయంత్రం పక్కింటికి పెరుగు పోసుకుని పోయిన గిన్నె, ఎదురింట్లో సీమంతానికి పోయిన గంగాళం, తెల్లారేసరికి ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ సొంత ఇళ్ళకు పోతుంటాయి.

"సూసి పోప్పా, రెడ్డెమ్మక్క కుక్కరు వస్తాండాది" అని ఎవరో ఒకరు కేకేస్తారు. కుక్కరు దాటిపోతుంది. బండ్లు కదుల్తాయి. అంతే.

ఆ పాత్రల మీద పేర్లు కొట్టింది నాగవేణి. మునిరత్నం స్టీలు సామాన్ల అంగట్లో, గల్లాపెట్టె పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, మిషను పెన్ను జుర్రుమనిపిస్తూ రోజంతా ఊళ్ళో వాళ్ళ పేర్లు రాయడమే ఆమె పని. మిగతా అంగళ్ళలో పేరు కొట్టిస్తే చీమలు బారులు తీరినట్టు ఉంటుంది. నాగవేణి కొడితే అక్షరం కింద తీగ పాకుతుంది, తీగ మీద చిలక వాలుతుంది, అడిగినవాళ్ళకు ఓ మూల పొట్టి పుంగనూరు ఆవు కూడా నిలబడుతుంది. "కూర అయిపోతేనే కంచంలో ఆవు కనిపిస్తాదని మావోడు కాకరకాయ గూడా తినేస్తాండాడు మ్మా" అని ఒకామె వచ్చి మరీ చెప్పిపోయింది.

నాగవేణి పేరు కొడితే, ఆ పేరున్న మనిషి దగ్గరికి పాత్ర దానంతటదే పోతుంది. అందువల్ల మొదట్లో కాస్త గొడవలయ్యాయి. పెళ్ళిళ్ళలో చదివించే సామాన్ల మీద ఇచ్చినవాళ్ళ పేరు కొట్టించడం కదా మన పద్ధతి. పెళ్ళి భోజనాలు అరక్కముందే బిందెలూ బకెట్లూ ఇచ్చినవాళ్ళ గుమ్మాల ముందు వరుసగా నిలబడ్డాయి. కొందరు సిగ్గుపడి మళ్ళీ మోసుకెళ్ళి ఇచ్చొచ్చారు. కొందరు సిగ్గుపడకుండా అదే బిందెను వచ్చిన ప్రతి పెళ్ళిలోనూ చదివించారు. ఇక లాభం లేదని పుంగనూరు వాళ్ళు పుచ్చుకునేవాళ్ళ పేరు కొట్టించడం నేర్చుకున్నారు.

మొగుడూపెళ్ళాల పేర్లు రెండూ కొట్టిస్తే పాత్ర ఇద్దరికీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. చెంగల్రాయుడి పెళ్ళాం అలిగి గుర్రంకొండలో పుట్టింటికి పోయినప్పుడు, వాళ్ళ అన్నం గిన్నె దారిలో ఎవరిదో వేరుశనగ చేనులో పోయి కూర్చుంది. ఆయన ఆకలికి తాళలేక చేను దాకా పోయాడు. గిన్నె ఇంకా ముందుకు జరిగింది. అట్లా గిన్నె వెంబడి నడుచుకుంటూ పోయి అత్తగారింట్లో తేలాడు. ఇద్దర్లో ఎవరైనా రెండోవాళ్ళను మనసులోంచి తీసేస్తే మటుకు పాత్ర మధ్యలో ఆగదు. తీసెయ్యని వాళ్ళింటికి నేరుగా వచ్చేస్తుంది.

నాగవేణి రోజూ తలుపు తీసి మొదట గడప చూసుకునేది అందుకే. గడప ఖాళీగా ఉంటే ఊపిరి పీల్చుకుని నీళ్ళు చల్లేది.

ఆమె చెంబు వెంకటగిరికోటలో ఉంది.

మునిరత్నం అంగడికి బోర్డు రాసినవాడు మునిరాజ. అక్షరానికి నీడ పెట్టడంలో అతనిది అందెవేసిన చెయ్యి. పసుపు అక్షరం వెనక ఎర్రనీడ, నీడ వెనక సన్నటి తెల్లగీత. బోర్డు కింద నిలబడితే అక్షరాల నీడన ఎండ తగలదేమో అనిపించేది. ఆదివారాలు జనం సినిమాకు పోతే వీళ్ళిద్దరూ అక్షరాలు చూడ్డానికి పోయేవాళ్ళు. టైలరు అంగడి అద్దం మీద కత్తెర బొమ్మ, సోడాబండి మీద రాసిన కమలాలు, ట్రాక్టరు వెనక నవ్వుతున్న పులి.

"ఆ పులి యాల నవ్వతాండాది?" అని నాగవేణి అడిగితే, "రాసినోడికి కోరలు గీసేది రాలేదు గదా, అందుకు" అనేవాడు మునిరాజ. దానికే ఇద్దరూ ఊరి చివరి దాకా నవ్వుకుంటూ నడిచేవాళ్ళు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డులు రాయించేవాళ్ళు లేకుండా పోయారు. కుప్పంలో మామ పెట్టిన ఫ్లెక్సీ అంగట్లో కంప్యూటరు ముందు కూర్చోడానికి మునిరాజ బస్సెక్కాడు. ఉండమని ఆమె అంటుందేమోనని చూశాడు. రమ్మని అతనంటాడేమోనని ఆమె చూసింది.

"వస్తాలే" అన్నాడు.

"సరేలే" అనింది.

ప్రేమకథల్లో ఇంతకంటే పొదుపైన సంభాషణ మన తాలూకాల్లో ఇంకెక్కడా జరిగి ఉండదు.

ఆ సాయంత్రం నాగవేణి ఒక చిన్న చెంబు కొనుక్కుని, మునిరత్నం టీకి పోయినప్పుడు, దాని మీద రెండు పేర్లూ కొట్టింది. కింద పెట్టగానే చెంబు ఒక చుట్టు తిరిగి, మెట్టు దిగి, పలమనేరు రోడ్డు పట్టింది. పోయి పోయి, పుంగనూరుకూ కుప్పానికీ సరిగ్గా మధ్యలో, వెంకటగిరికోట బస్టాండులో పూలమ్మ టీ అంగడి బెంచీ కింద ఆగింది. అప్పట్నుంచీ అక్కడే. పూలమ్మ దాన్ని రోజూ తుడుస్తుంది గానీ ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

మదనపల్లి నుంచి కుప్పం పోయే బస్సు కండక్టరు దొరస్వామి, అంగడి ముందు బస్సు ఆగినప్పుడల్లా వాతావరణం వార్త చెప్పినట్టు చెప్పేవాడు.

"యాడిదాడే ఉండాది మ్మా. నిన్న వానొస్తే పూలమ్మ లోపల పెట్టింది. మళ్ళా అదే బయటికొచ్చి కూసునింది."

ఒకసారి మాత్రం, "ఇయ్యాల పలమనేరు దిక్కుకు కదిలింది మ్మా!" అన్నాడు. నాగవేణి ఆ పూట రెండోసారి తల దువ్వుకుంది. మల్లెపూలు కొనింది. ఒక కంచం మీద కనకమ్మ పేరుకు బదులు చిలకలే కొట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి చెంబు వెనక్కి పోయిందని తెలిసింది. మునిరాజ ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీ ఇవ్వడానికి వెంకటగిరికోట దాకా వచ్చి తిరిగిపోయాడట. మల్లెలు వాడిపోయే దాకా ఆమె జడలోనే ఉన్నాయి.

"ఆ చెంబు ఈడికీ రాదు, ఆడికీ పోదు" అనింది వాళ్ళమ్మ బయ్యమ్మ. "నువ్వు గూడా అట్లే కూసుంటావా?"

"పోయినోడు వాడు. వాడే రావల్ల."

"వాడు ఆడ కూసోని, పిలవాల్సింది అదే గదా అనుకుంటాండాడేమో!"

"అనుకోనీ."

అట్లా అనీ అనీ విసిగిపోయిన ఒక మధ్యాహ్నం, మదనపల్లి టమోటా మండీలో వ్యాపారం చేసే ప్రతాప్ సంబంధానికి నాగవేణి తలూపేసింది. మనిషి మంచివాడు. కాయను చూసి ఎప్పుడు మాగుతుందో చెప్పేస్తాడని పేరు.

తాంబూలాల ప్లేటు మీద ఇద్దరి పేర్లూ కొట్టించాలి. మునిరత్నం నెత్తి గోక్కున్నాడు.

"నీది నువ్వే కొట్టుకుంటావా మ్మా? వద్దులే, మదనపల్లిలో కొట్టించుకోమని చెప్తా."

అక్కడ కొట్టించి ఉంటే ప్లేటు పెట్టిన చోట బుద్ధిగా పడుండేది. కానీ నాగవేణికి రోషం వచ్చింది.

"నా తాంబూలం ప్లేటు మీద చీమలు పారల్లనా? ఇట్లియ్యి."

అంచు చుట్టూ టమోటా తీగ, తీగకు పూత, పూత మధ్యలో రెండు పేర్లు. ఆమె చేతిలో అంత బాగా కుదిరిన ప్లేటు ఇంకోటి లేదు. చెయ్యి ఎంత నిజం చెబుతుందో ఆ సమయానికి గుర్తులేదు పాపం.

తాంబూలాల పొద్దు నాగవేణి వాళ్ళింట్లో చాప పరిచి, ప్లేటులో ఆకూ వక్కా, అరటిపండ్లు, టెంకాయ సర్ది, ఇద్దరికీ మధ్యలో పెట్టారు. ప్లేటు మెల్లగా కదిలింది. అరటిపండ్లు ఊగించుకుంటూ పోయి ప్రతాప్ మోకాలికి ఆనుకుంది. అతని పెదనాన్న దాన్ని మళ్ళీ మధ్యకు జరిపాడు. అది మళ్ళీ పోయింది. ఈసారి టెంకాయ దొర్లి కింద పడింది.

పెద్దలందరికీ ఒక్కసారిగా గోడ మీది క్యాలెండరు బొమ్మ నచ్చేసింది.

"ఉప్మా సల్లారిపోతాది, లేయండి" అనింది బయ్యమ్మ.

అందరూ లేచారు. ప్రతాప్ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, తమలపాకులు పక్కకు తీసి, అక్షరాలను వేలితో తడిమాడు.

"నాగవేణీ, నా పేరు ఇంత బాగుంటాదని ఇప్పుడే తెలిసింది" అన్నాడు. తలెత్తి, "వాడిది యా ఊరు?" అని అడిగాడు.

"కుప్పం."

"పిలిచినావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"బలేదానివే. కాయ మాగినాక గూడా సెట్టు మీదే పెట్టుకోని, ఎవురో ఒకరు రావల్లని సూస్తారా?" నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ప్లేటును చంకలో పెట్టుకుని లేచాడు. "ఇది నా కాడే ఉంటాది. ఉండనీ. బస్సుకు టయిమైతాంది, లేమ్మా."

నాగవేణీ అని పిలిచిన మనిషి అమ్మా అన్నాడు. ఆ మాట బయ్యమ్మకూ వినిపించింది. ఉప్మా గరిటె చేతిలో పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. కూతురి పట్టుచీర చూసింది, ముఖం చూసింది.

"ఎండగా ఉండాది, చెప్పులేసుకోని పో" అనింది.

బస్సులో దొరస్వామి టికెట్టు చించబోయి ఆగిపోయాడు.

"యాడికి మ్మా?"

"కుప్పం. అన్నా, ఇయ్యాల నా తాంబూలాలని వాడికి చెప్పినావా?"

"నేను టికెట్లు ఇచ్చేవాణ్ని మ్మా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు దొరస్వామి. "పొద్దున్నే కుప్పంలో రెండు మూడు మాటలు నోట్లోంచి జారి ఉంటే నాకు తెలీదు."

వినిన వెంటనే మనసులోంచి తీసేసి ఉంటే? అప్పుడు చెంబు కోట విడిచి తనకోసం ఎదురుగా వస్తూ ఉంటుంది. పలమనేరు దాటే దాకా ఆమె రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. టమోటా తోటలకు పరిచిన ప్లాస్టిక్ కాగితం మెరిస్తే ఉలిక్కిపడింది. పాల క్యాను మెరిస్తే కళ్ళు మూసుకుంది. చెంబు మాత్రం ఎదురు రాలేదు.

అంటే వాడు నన్ను మనసులోంచి తీసెయ్యలేదు, ఇంకా ఆడనే ఉండాడు, నేను ముందుకు పోతే చెంబు కూడా కుప్పం దిక్కుకు జరుగుతా పోతాది, అనుకుంది. సరే, దాని వెనకే పోదాం. చెంగల్రాయుడు పోలేదా!

కోటలో బస్సు ఆగింది. దొరస్వామి కిందికి వంగి చూసి, ఈల నోట్లోంచి తీసేశాడు.

"ఇదేంది మ్మా! నువ్వు ఇంత దూరం వచ్చినావు. అది ఈపాటికి కదిలిపోయుండల్ల గదా?"

చెంబు పూలమ్మ బెంచీ కిందనే ఉంది. పొద్దున తుడిచిన మెరుపు అట్లే ఉంది. ఒక్క అంగుళం కూడా జరగలేదు.

నాగవేణి మెట్టు దిగింది. చెంబు వైపు అడుగు వేసింది. అయినా అది కదల్లేదు. తను వచ్చినంత దూరమూ అవతలి నుంచి ఇంకెవరో వస్తూ ఉంటే తప్ప అది అట్లా ఉండదు.

కుప్పం రోడ్డు మలుపు దగ్గర దుమ్ము లేస్తోంది. ఏ బస్సో ఇంకా కనిపించలేదు. నాగవేణి బెంచీ మీద కూర్చుని, పట్టుచీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పూలమ్మక్కా" అనింది, "రెండు టీలు పెట్టు."