గుమ్మానికి కట్టిన నమేలే

రాజధాని నుంచి అడవుల ఆఫీసరు వస్తున్నాడని తెలిసి మబోన్ పొద్దున్నే కొండ దిగింది. పెంటెకోస్ట్ దీవిలో ఆమెకున్న ఆస్తల్లా ఊట కింద చేమ మళ్ళే. ఆ ఊట పైనున్న చెట్లకు అడవుల కొత్త విధానం పటంలో పసుపు రంగు వేశారు. పసుపంటే నరుక్కోవచ్చని అర్థం. చెట్లు పోతే ఊట పోతుంది, ఊట పోతే మళ్ళు ఎండిపోతాయి. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇవాళే, ఊరి హాల్లో ఆఫీసరు పెట్టే సభలోనే చెప్పాలట.

ఆఫీసరు ఎవరో కాదు, ఆమె చెల్లెలి కొడుకు గరాయ్. రాజధానిలో పుట్టి, అడవిని పటంలో చూసి పెరిగిన ఘనుడు. సభకు కళ రావాలని, దేశం జెండా మీద ఉన్నట్టే ఈతాకుల్లాంటి రెండు నమేలే ఆకులు తెచ్చి హాలు గుమ్మానికి అడ్డంగా తనే కట్టాడు.

ఊరంతా వచ్చి బయటే ఆగిపోయింది. నమేలే కట్టిన చోట ఎవరూ అడుగు పెట్టరు. కొండ మీది చెట్లు ఇన్నేళ్ళు నిలిచింది కూడా ఆ ఆకు అడ్డం ఉండబట్టే.

“రండి, రండి! కుర్చీలన్నీ ఖాళీ!” లోపల్నుంచి పిలిచాడు గరాయ్.

“ఒరేయ్, ఆకు కట్టి రమ్మంటావేంట్రా?” అంది మబోన్.

“అది అలంకారం పెద్దమ్మా!”

“కట్టినోడివి నువ్వే విప్పాలి. విప్పే ముందు పందిని చంపాలి,” అన్నాడు ఊరిపెద్ద తారి.

“బడ్జెట్‌లో పంది లేదు తాతా. నాలుగింటికి నా విమానం.”

అంత చదువుకూ అబ్బిన తెలివి అంతే. ఖాళీ కుర్చీలకు గంటసేపు విధానం చదివి వినిపించాడు. అభ్యంతరాలున్నాయా అని వాటినే మూడుసార్లు అడిగాడు.

“ఉంది!” కిటికీ దగ్గర్నుంచి అరిచింది మబోన్. “నా ఊట జోలికి రావొద్దు!”

“బయటి మాట రాసుకోకూడదు పెద్దమ్మా, రూలు. ఒక్క అడుగు లోపలికెయ్, రాసేస్తా.”

మబోన్ గుమ్మం దాకా వెళ్ళింది. ఈ ఆకును తనే దాటితే, రేపు రంపం పట్టుకొచ్చినవాణ్ణి కొండమీది ఆకు చూపించి ఏ మొహంతో ఆపుతుంది? ఒళ్ళు మండిపోయింది. అడుగు మాత్రం వెయ్యలేదు.

గరాయ్ ‘అభ్యంతరాలు లేవు’ అని రాసి సంతకం పెట్టాడు. ఆకుల కింద నుంచి దూరి బయటికొస్తూ, “మీ ఊళ్ళో అవగాహన తక్కువ పెద్దమ్మా. దానికీ ఓ శిక్షణ రాయిస్తాలే,” అని ఓదార్చాడు.

మబోన్ కొండెక్కి మడి గట్టున నిలబడి చూసుకుంది. నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి, ఈ ఏడాదికి.