చెవిలోకి ఎవరూ చూడలేదు

సుసన్నాకు ఆ రోజు ఒళ్లు మండిపోతోంది. పొద్దున విస్సన్నపేట దగ్గర మామిడి తోటలో కాయల లోడు కోసం ట్రాక్టరు వెనక్కి వస్తోంది. దాని దారిలో నాలుగేళ్ల కూతురు వినీల ఆడుకుంటోంది. సుసన్నా దూరం నుంచి ఎంత పిలిచినా పిల్ల తల తిప్పలేదు. బుట్టలెత్తే నాగరాజు పరిగెత్తి లాగకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికే ఆమెకు మనసొప్పలేదు.

అంగన్‌వాడీలో పిల్లది మొండిదన్నారు. ఇంట్లో పరధ్యానమన్నారు. జలుబు చేసినప్పుడల్లా చెవి పట్టుకుని ఏడుస్తోందని డాక్టరు భాస్కరరావుకు చలికాలం నుంచి చెబుతూనే ఉంది. ఆయన కుర్చీలోంచి కదిలితే ఒట్టు. తల్లి మాట పూర్తయ్యేలోగా యాంటీబయాటిక్ సిరప్ రాసిపారేసేవాడు.

తోట నుంచి పిల్లను నేరుగా ఆయన దగ్గరికే తీసుకొచ్చిన సుసన్నా, ఈసారి మందుల చీటీ అందుకోలేదు.

"చెవిలో చూడండి."

"పిల్ల గోల చేస్తుందమ్మా. చూడనివ్వదు."

"నేను పట్టుకుంటాను."

"చెవిలో చూసే లైటులో బ్యాటరీలు అయిపోయాయి."

పాపం, ఎంత కష్టమొచ్చిపడింది. బయట హాల్లో టీవీ మాత్రం పొద్దుటి నుంచి వాగుతూనే ఉంది. సుసన్నా విసురుగా వెళ్లి, రిమోట్‌లోంచి రెండు బ్యాటరీలూ ఊడబెరికి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. కాంపౌండరు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు.

పిల్లను ఒళ్లో అదిమి పట్టుకుంది. గుబిలి తప్ప ఏమీ కనబడటం లేదన్నాడు డాక్టరు.

"తీసి చూడండి," అంది సుసన్నా.

తీశాడు. చూశాడు. రెండో చెవి కూడా చూశాడు. తర్వాత పిల్ల వెనక్కి వెళ్లి, మెల్లిగా "వినీలా" అని పిలిచాడు. పిల్ల తల్లి కొంగుతో ఆడుకుంటూనే ఉంది.

"కర్ణభేరి వెనక నీరు నిలిచిందమ్మా, రెండు వైపులా. ఇది సిరప్‌తో పోయేది కాదు. విజయవాడలో చెవి డాక్టరుకు చూపించండి. నీరు పోతే బాగానే వినపడుతుంది."

"మరి ఇన్నాళ్లూ తాగించిన సిరప్పులు దేనికండీ?"

ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు.

"మాటలు నేర్చుకునే వయసండీ దానిది. మేం పిలిచిందీ, తిట్టిందీ, ముద్దు చేసిందీ సగం కూడా దానికి చేరలేదు. అవి ఏ డాక్టరు తిరిగిస్తాడు?"

సుసన్నా ఆయన ముందు ఏడవదలచుకోలేదు.

కాంపౌండరు తర్వాతివాళ్లను పంపాడు. రాయప్ప అనే ముసలాయన, చెవి పట్టుకుని ఏడుస్తున్న మనవణ్ణి ఎత్తుకొచ్చాడు. డాక్టరు చెయ్యి అలవాటుగా చీటీల మీదికి పోయింది.

సుసన్నా కుర్చీ ఖాళీ చేయలేదు.

"ముందు వాడి చెవి చూడండి," అంది. "మీరు చూసేదాకా నేను లేవను."