కాసిని మంచినీళ్ళు

"ఏమేవ్, కాసిని మంచినీళ్ళు!"

కుండ అతను కూర్చున్న కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. గ్లాసు దాని మూతమీదే బోర్లించి ఉంది. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. అయినా చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గదిలోకొచ్చి, నీళ్ళు ముంచి అతని చేతికిచ్చింది. అతను టీవీ మీంచి చూపు తిప్పకుండా గటగటా తాగేసి ఖాళీ గ్లాసు గాల్లో పట్టుకున్నాడు. దాన్ని అందుకునే చెయ్యి అక్కడే ఉంటుందని అతనికి తెలుసు. ఉంది కూడా.

అతను బస్సు కండక్టరు. పొద్దుట్నుంచీ సాయంత్రందాకా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని గొంతు చించుకునే మనిషి ఇంటికొచ్చాక మాత్రం అంగుళం జరగడు. చెడ్డవాడా అంటే కాదు. తాగడు, కొట్టడు. ఈ రెండు ముక్కలూ అత్తగారు రోజుకోసారైనా అప్పజెబుతుంది. "తాగని, కొట్టని మగాడు దొరికాక ఆడది ఇంకేం కోరుకోవాలే అమ్మాయ్?" అంటుంది. ఇన్నేళ్ళూ ఆమె నిజమే కదా అనుకుంది. తన మంచినీళ్ళు తనే ముంచుకునే మగాణ్ణి కోరుకోవచ్చని ఆమెకి ఏనాడూ తట్టలేదు. ఈమధ్యే తట్టింది. తట్టినప్పట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది.

ఆ మంట పరీక్షనాడు అంటుకుంది.

చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకి మళ్ళీ ఓ అవకాశం ఇస్తామంటూ వీధి చివర పాత గోడౌనులో శిక్షణ కేంద్రం తెరిచారు. కొన్నాళ్ళు చదవడం, రాయడం, లెక్కలు. ఆ తర్వాత మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచెయ్యడం. ఆమె పొద్దున్నే నాలుగిళ్ళలో అంట్లు తోమి, గదులు తుడిచి, మధ్యాహ్నం కేంద్రానికి పరిగెత్తేది. భర్త కాదనలేదు. "వెళ్ళు, నేనేమన్నా వద్దన్నానా? ఇంట్లో ఏదీ అటూ ఇటూ కాకూడదు, అంతే" అన్నాడు. అంతేనట! ఆ అంతేలో వంట ఉంది, బట్టలుతకడం ఉంది, అత్తగారి మోకాళ్ళకి నూనె మర్దనా ఉంది, పిల్ల చదువుంది. అవన్నీ చేసుకుంటూ, మిగిలిన ఊపిరితో చదువుకోమన్నమాట. అత్తగారైతే పక్కింటావిడతో గోడమీంచే చెప్పి నవ్వింది. "మా కోడలు మిక్సీలు బాగుచేస్తుందటమ్మా! ముందు మూత సరిగ్గా పెట్టడం నేర్చుకోమనండి."

కానీ మిక్సీ కింది మూత విప్పి లోపలికి తొంగిచూసిన రోజు ఆమెకి పట్టరాని నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే చెవులు చిల్లులు పడేలా అరిచే దీని కడుపులో ఉన్నది ఇంతేనా! ఇంత తీగచుట్ట, రెండు నల్లటి కార్బన్ ముక్కలు, వాటిని నొక్కిపట్టే రెండు బుల్లి స్ప్రింగులు. కార్బన్లు అరిగిపోతే మిక్సీ మూగబోతుంది. కొత్తవి వేస్తే మళ్ళీ గొంతు విప్పుతుంది. ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, ఎగురుకుంటూ వచ్చింది. పరీక్ష పాసైనవాళ్ళని పెద్దబజారు రిపేరు షాపులో పనికి తీసుకుంటారని చెప్పారు. అంట్లు తోమే పని కాదు, కుర్చీలో కూర్చుని చేసే పని. కూర్చుని! ఆ మాట తలుచుకుంటేనే ఆమె నడుము నొప్పి సగం తగ్గేది.

పరీక్షనాడు తలా ఒక చెడిపోయిన మిక్సీ ఇచ్చారు. గంట కొట్టేలోపు అది తిరగాలి. పై ఆఫీసు నుంచి పరీక్షాధికారి వచ్చి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె ఇట్టే పట్టేసింది. కార్బన్లు అరిగాయి, స్విచ్చు దగ్గర ఓ తీగ ఊడింది. కార్బన్లు మార్చింది. టంకం కడ్డీ వేడెక్కింది. తీగని దాని చోట ఆనించి, ఇక అంటించబోతోంది.

"ఎవరైనా కాసిని మంచినీళ్ళిస్తారా అమ్మా?" అన్నాడు అధికారి, చెమట తుడుచుకుంటూ.

ఎవరైనా అన్నాడు. ఆమెని అనలేదు. ఆమెవంక చూడనైనా లేదు. ఐతేనేం, ఆ మాట బుర్రకెక్కేలోపే ఆమె మోకాళ్ళు లేచిపోయాయి. కడ్డీ పక్కన పెట్టేసింది. కుండ చూస్తే ఖాళీ. వెనకాల కుళాయి దగ్గరికి పరిగెత్తింది. గ్లాసు తోమి నీళ్ళు పట్టుకొస్తుంటే కేంద్రం నడిపే మేడమ్ గుమ్మంలో ఎదురైంది. "ఎలాగూ లేచావు కదమ్మా, రెండు టీలు కూడా పెట్టేద్దూ. నీ చేతి టీ బావుంటుంది." పొద్దున ఇదే మేడమ్ మైకు పట్టుకుని "స్త్రీలు సొంత కాళ్ళమీద నిలబడాలి" అని ఊదరగొట్టింది. నేను పరీక్షలో ఉన్నాను మేడమ్ అనే మాట ఆమె గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. నీళ్ళిచ్చి, టీలు పెట్టి పట్టుకుని ఆమె లోపలికొచ్చేసరికి గంట కొట్టేశారు. అధికారి ఆమె మిక్సీ మీట నొక్కాడు. అది కిక్కురుమనలేదు.

"పూర్తికాలేదు" అని రాసుకున్నాడాయన. ఆమె ఇచ్చిన టీ ఓ గుక్క తాగి, "టీ మాత్రం అదిరిందమ్మా" అన్నాడు.

ఆ టీ ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది. ఆయన మీద కోపం సగమే. మిగతా సగం తనమీద. ఛీ, ఎవరు లేవమన్నారు నిన్ను? గదిలో ఇంతమంది ఉన్నారు కదా, నీకే ఎందుకు దురద?

ఇంట్లో సంగతి చెబితే భర్త పగలబడి నవ్వాడు. "పోన్లేవే, టీ పెట్టే పరీక్షలో పాసయ్యావుగా!" తర్వాత డిపోలో నలుగురికీ చెప్పి నవ్వించాడట కూడా. అత్తగారు నవ్వలేదు. అది ఇంకా నయం అనుకునేలోపే, "మనకి రాసిపెట్టి లేదులే అమ్మాయ్, ఆ గోడౌను చుట్టూ తిరగడం మానెయ్యి" అంది.

మానేసేదేమో. ఇదివరకు వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే అక్క ఊరుకోలేదు. ఆమెతోపాటే నేర్చుకుని పాసై, ఇప్పుడు ఆ షాపులోనే పనిచేస్తోంది. "ఇంకోసారి పరీక్ష పెడుతున్నారు, అదే ఆఖరు. షాపాయన నీకోసం కుర్చీ ఖాళీగా ఉంచాడు. ఈసారీ పోయిందా, వేరేవాళ్ళని పెట్టేసుకుంటాడు" అని, ఆమె భుజం పట్టుకుని కుదిపింది. "నీకు పని రాక పోయిందా, చెప్పు! కుదురుగా కూర్చోవడం రాక పోయింది. అంతకన్నా సిగ్గుచేటు ఉందా?"

నిజమే. మాట మంటెత్తించేలా ఉన్నా నిజమే.

పరీక్షకి ముందు రోజు సాయంత్రం ఆమె ఇంటి మిక్సీ విప్పుకుని నేలమీద కూర్చుంది. పక్కనే కూతురు లెక్కలు చేసుకుంటోంది. ఎనిమిదో తరగతి పిల్ల. ఆమె స్ప్రింగుని వేలితో నొక్కిపట్టి ఉంది, వదిలితే ఎగిరి ఎటో పోతుంది. సరిగ్గా అప్పుడే కుర్చీలోంచి వినబడింది.

"ఏమేవ్, కాసిని మంచినీళ్ళు!"

ఆమె కదల్లేకపోయింది. పిల్ల చేస్తున్న లెక్క సగంలో ఆపి, పెన్ను పుస్తకంలో పెట్టి లేచింది. విసుక్కోలేదు. ఎవరూ లేపలేదు కూడా. నీళ్ళు ముంచి నాన్నకిచ్చి, ఖాళీ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపుకుని నిలబడింది. ఆమె ఆ చేతివంకే చూస్తూ ఉండిపోయింది. నేనెప్పుడూ లేవమని చెప్పలేదే దీనికి! చెప్పలేదు. చూపించింది, అంతే. పుట్టినప్పట్నుంచీ రోజూ చూపించింది. వేలు జారి స్ప్రింగు ఎగిరి బీరువా కిందకి దొర్లిపోయింది. పిల్ల వచ్చి కూర్చుని, "అమ్మా, ఎక్కడిదాకా చేశానో మర్చిపోయా" అంది.

మర్నాడు మళ్ళీ అదే గోడౌను, అదే అధికారి. ఉక్కబోత కూడా అదే. ఆమె స్టూలు మీద కూర్చోగానే రెండు పాదాలూ దాని కాళ్ళకి అడ్డంగా ఉన్న కడ్డీ వెనక మెలేసింది. ఎవరన్నా చూస్తే నవ్విపోతారు, నవ్వితే నవ్వనీ. మిక్సీ విప్పింది. కార్బన్లు బాగానే ఉన్నాయి, మీట దగ్గర తీగ తెగింది. టంకం కడ్డీ అందుకుంది.

"కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా అమ్మా?"

మోకాళ్ళు లేవబోయాయి. పాదాలు అడ్డకడ్డీకి తన్నుకున్నాయి, స్టూలు కిర్రుమంది. ఆమె తలెత్తలేదు. గదిలో ఎవరూ లేవలేదు. ఎవరికీ లేవాల్సిన పనిలేదు, ఆవిడ ఉందిగా అని అందరికీ తెలుసు. మేడమ్ తిన్నగా ఆమె దగ్గరికే వచ్చింది.

"ఏమ్మా, వినబడలేదా? సారు అడుగుతున్నారు."

"టంకం వేస్తున్నాను మేడమ్."

"ఒక్క నిమిషం లేస్తే ఏం పోతుందమ్మా?"

"పోయినసారి పరీక్ష పోయింది మేడమ్."

తన గొంతేనా అది? చెయ్యి మాత్రం టంకం వేస్తూనే ఉంది. వెనక బల్లమీద ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చేశారు. మేడమ్ మొహం కందగడ్డ అయింది. "ఈమధ్య అందరికీ నోళ్ళు లేస్తున్నాయి" అని గొణుక్కుంటూ తనే వెళ్ళి నీళ్ళు తెచ్చింది. గంట కొట్టేలోపే ఆమె మీట నొక్కింది. గదంతా దద్దరిల్లేలా మిక్సీ అరిచింది. ఆ గోల అంత ఇంపుగా ఉంటుందని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు.

పాసైంది. అధికారి తలూపి సంతకం పెట్టాడు. ఈసారి టీ ఊసు ఎత్తలేదు. బయటికొస్తుంటే మేడమ్ ఆపింది. "పాసయ్యావు, సంతోషమే. కానీ కాస్త అణకువ ఉండాలమ్మా. షాపులో ఇలాగే మాట్లాడితే రెండ్రోజులు కూడా ఉంచుకోరు." ఆమె సరేనని తలూపింది. దారి పొడుగునా సంతోషం రావాలి కదా, రాలేదు. కోపం వచ్చింది. పదిమందిలో కుర్చీలో కదలకుండా కూర్చోవడానికి మగాడికి ఏ కడ్డీ అక్కర్లేదు. తను కాళ్ళు మెలేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. పైగా దానికి అణకువ లేదన్న పేరు!

ఇంటికొచ్చి "పాసయ్యాను" అంది.

"అవునా? మంచిది" అన్నాడు భర్త, టీవీ చూస్తూనే. "ఇవాళ వంటేంటి?"

ఆమె వంటింటివైపు వెళ్ళలేదు. గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, కూతురి పక్కన కూర్చుంది. ఆ వేళప్పుడు అలా కూర్చోవడం ఆమెకే కొత్తగా ఉంది. మంచంమీద అత్తగారు విడ్డూరంగా చూసింది. కాసేపటికి కుర్చీలోంచి రానే వచ్చింది.

"ఏమేవ్, కాసిని మంచినీళ్ళు!"

పిల్ల పెన్ను పుస్తకంలో పెట్టేసింది. ఆమె దాని మోకాలిమీద చెయ్యి వేసింది.

"నువ్వు కూర్చో. లెక్క పూర్తిచెయ్యి."

"ఏంటే ఇది? గొంతెండిపోతోందంటే!" అతను ఇన్నాళ్ళకి టీవీ మీంచి తల తిప్పాడు.

"కుండ మీ పక్కనే ఉందండీ."

అతను కుండవైపు చెయ్యి చాపలేదు. అత్తగారికి ఆ నిమిషం గడవడమే కష్టమైంది. "అయ్యో, నేనిస్తా ఉండు నాయనా" అంటూ రెండు చేతులూ మంచం పట్టెమీద ఆనించి లేవబోయింది. ఆ అరిగిపోయిన మోకాళ్ళు పటపటమన్నాయి. రోజూ తనే నూనె రాసే మోకాళ్ళు. అవి అరిగింది వయసువల్లేనని ఇన్నేళ్ళూ నమ్మింది ఆమె.

"మీరు కూడా కూర్చోండి, అత్తయ్యా."

సగం లేచినావిడ అక్కడే ఆగింది. కొడుకు వంక చూసింది, కుండ వంక చూసింది. తర్వాత మెల్లిగా, అది చెయ్యకూడని పనేమో అన్నట్టు, మళ్ళీ కూర్చుంది.