అంతా ప్రశాంతం

స్టేషన్‌లో ఆ కానిస్టేబుల్‌ని అందరూ గడియారం అని పిలిచేవారు. పన్నెండేళ్ల సర్వీసులో ఒక్కనాడూ రౌండుకి ఆలస్యం కాలేదని అతనికి పేరు. ఊళ్లో నాలుగు చోట్ల గోడకి రేకు పెట్టెలుంటాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో పుస్తకం. పగటి డ్యూటీలో ఉన్నవాడు రెండు గంటలకోసారి జీపులో తిరిగి, ప్రతి పుస్తకంలోనూ సమయం వేసి, చూసిందేమిటో రాసి, సంతకం పెట్టాలి. గడియారం పుస్తకాల్లో నిమిషం తేడా ఉండదు. ఎందుకుంటుంది? పొద్దున్నే ఏడింటికి ఒక్క చుట్టు తిరిగి, సాయంత్రం దాకా పెట్టాల్సిన సంతకాలన్నీ పెట్టేసేవాడు. ప్రతి సంతకం పక్కనా "అంతా ప్రశాంతం" అని రాసేవాడు. ఆ తర్వాత నీళ్ల ట్యాంకు వెనక నీడలో జీపు ఆపి, టోపీ మొహం మీద వేసుకుని, రాసిన మాట నిజం చేయడానికి తన వంతుగా నిద్రపోయేవాడు.

ఆ గురువారం మాత్రం ఆ నిద్రకి ఎసరొచ్చింది. "ఒక పూట పోలీసుతో" అని పై ఆఫీసువాళ్లు కొత్తగా ఒక పథకం పెట్టారు. జనంలో ఒకరిని డ్యూటీ అంతా జీపులో తిప్పాలి, దిగేముందు వాళ్లు ఒక ఫారం నింపుతారు. హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్ల జాబితా మర్నాడే వెళ్తోంది. ఫారంలో "విధులు సమయానికి నిర్వర్తించారా?" అన్న గడిలో అవునని పడితే, జాబితాలో గడియారం పేరు ఖాయమని ఇన్‌స్పెక్టర్ మాటిచ్చాడు. గడియారం భార్య అంతవరకూ కూడా ఆగలేదు. ఒక చొక్కా చేతికి కొత్త హోదా పట్టీ కుట్టేసి బీరువాలో వేలాడదీసింది.

ఎనిమిదింటికి జీపెక్కిన మనిషిని చూసి అతను సీట్లో నిటారుగా కూర్చున్నాడు. ఐదో తరగతిలో తనకి లెక్కలు చెప్పిన టీచరు! రిటైరై పదేళ్లయినా చేతికి ఆ పాత వాచీయే, కళ్లజోడు మీదుగా ఆ పాత చూపే.

"నువ్వట్రా!" అందావిడ సీట్లో సర్దుకుంటూ. "ప్రోగ్రెస్ కార్డు మీద మీ నాన్న సంతకం పెట్టుకునేవాడివి, నువ్వే కదూ?"

"చిన్నప్పటి సంగతులు కదా టీచర్..."

"బాగానే పెట్టేవాడివిలే. మీ నాన్నకంటే నీ చేతిరాతే బాగుండేది."

సంతకాలన్నీ అలవాటుగా ఏడింటికే అయిపోయాయి. ఇప్పుడు అతను చేయాల్సింది పెట్టినట్టు నటించడం. మొదటి పెట్టె దగ్గర పుస్తకాన్ని గుండెకి హత్తుకున్నంత దగ్గరగా తెరిచి, పేజీ మీద పెన్ను తిప్పాడు.

"మూత తీయకుండానే రాస్తుందా నీ పెన్ను?" అంది టీచర్ జీపులోంచి.

"కొత్త రకం పెన్ను టీచర్."

"ఓహో."

క్లాసులో ఆ ఓహో తర్వాత బెత్తం లేచేది. ఇప్పుడు ఆవిడ వాచీ చూసుకుని ఊరుకుంది. అదే ఎక్కువ భయం వేసింది అతనికి.

విధిలేక ఆ పూట అన్ని రౌండ్లూ తిరగాల్సి వచ్చింది. పదకొండింటికి ఈ ఊరు ఎలా ఉంటుందో పన్నెండేళ్లలో మొదటిసారి చూశాడు. బట్టల మిల్లు ముందు ఇద్దరు లారీ డ్రైవర్లు ఒకరి మీదికొకరు వెళ్తుంటే దిగి విడదీయబోయాడు. వాళ్లిద్దరూ క్షణంలో కలిసిపోయి ఇతన్ని తిట్టారు. తను లేకుండా ఇన్నాళ్లూ ఊరు బాగానే నడిచిందన్నమాట. ఆ సంగతి ఎందుకో అతని మనసుకి కష్టంగా తోచింది.

మూడో రౌండులో పోస్టాఫీసు వెనక సందులోకి తిరిగేసరికి ఒక కింది వాటా కిటికీలోంచి నల్లటి పొగ! పక్కింటి నర్సు వీధిలో నిలబడి కేకలు పెడుతోంది.

"లోపల తాతగారున్నారు! పొయ్యి మీద ఏదో పెట్టి నిద్రపోయినట్టున్నారు, ఎంత పిలిచినా పలకట్లేదు!"

గడియారం జీపులోంచి దూకి తలుపుని తన్నాడు. కదల్లేదు. రెండోసారి తన్నాడు. మూడోసారి తన్ని కాలు పట్టుకుని గెంతుతుంటే, టీచర్ వచ్చి పిడి పట్టుకుని ఇవతలికి లాగింది. తలుపు తెరుచుకుంది.

"బయటికి తెరుచుకునే తలుపురా అది," అంది దగ్గుతూ.

రుమాలు ముక్కుకి కట్టుకుని లోపలికి దూరాడు. గ్యాసు కట్టేశాడు. మంచం మీద తాతగారు రెండు బస్తాల బరువున్నారు. ఎలా ఎత్తాడో, ఎలా మోశాడో అతనికే తెలియదు. వీధి అరుగు మీద పడుకోబెట్టాక నర్సు ఆయన నాడి చూసి, "ఇంకో పది నిమిషాలైతే దక్కేవారు కాదు," అంది. తాతగారు కళ్లు తెరిచి, దగ్గి, "నా గిన్నె ఏం చేశావురా?" అన్నారు.

గడియారానికి ఏడుపొచ్చింది. పన్నెండేళ్లుగా జీతం తీసుకుంటున్న పని ఇవాళ చేశానని అనిపించింది.

నర్సు ఫోనుతో ఇన్‌స్పెక్టరే స్వయంగా వచ్చాడు. సంగతి విని పొంగిపోయాడు. "ఎన్నింటికి జరిగింది?"

"పన్నెండూ నలభైకి," అంది టీచర్.

"శభాష్! ఇలాంటిది నా చేత్తో రాయాలి. ఆ పుస్తకం పట్టుకురా."

పెట్టె సందు మలుపులోనే ఉంది. పుస్తకంలో ఏముందో గడియారానికి తెలుసు. పన్నెండూ నలభై, అంతా ప్రశాంతం, కింద తన సంతకం. పెట్టె కిందే మురుగు కాలువ. పుస్తకం చేయి జారిందంటే ఎవరు కాదంటారు? ప్రమోషనూ దక్కుతుంది, పరువూ దక్కుతుంది. పుస్తకం తీసి కాలువ వైపు చేయి చాచాడు కూడా. కానీ ఆ పొగలోకి వెళ్లింది తను. తాతగారిని మోసింది తను. అది జరగలేదని తన సంతకమే అంటోంది. ఆ మాట అతనికి నచ్చలేదు. పుస్తకం తెచ్చి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు.

"సార్, నేను రెండూ నలభైకి కూడా వచ్చేశాను," అన్నాడు తలొంచుకుని.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. ఒంటిగంట. పుస్తకం చూశాడు. మొహం ఎర్రబడింది. "పన్నెండేళ్లుగా ఇదేనా నీ టైము? నిన్ను సస్పెండ్ చేస్తాను! ఇది దొంగ రికార్డు! ఇది..."

"ఇలా ఇవ్వండి బాబూ," అని టీచర్ పుస్తకం అందుకుంది. తర్వాతి పేజీ తిప్పి కళ్లజోడు సర్దుకుంది. "ఇక్కడ పచ్చ సిరాతో ఉన్న సంతకం ఎవరిది? శనివారం తనిఖీ చేశాను, అంతా సవ్యం అనుంది. ఇవాళ ఇంకా గురువారమే కదా?"

ఇన్‌స్పెక్టర్ జేబులోని పచ్చ పెన్నుని మెల్లగా చేత్తో మూసుకున్నాడు.

"ముందుగా పెట్టినవి ఇద్దరూ కొట్టేయండి," అంది టీచర్. "పక్కన పొట్టి సంతకాలు పెట్టండి. నా ఎదురుగానే."

అరుగు మీద పుస్తకం పెట్టి ఇద్దరూ వంతులవారీగా కొట్టేశారు. ఇన్‌స్పెక్టర్ తన జీపెక్కి వెళ్లిపోయాడు.

"ప్రోగ్రెస్ కార్డు నాడే నీ చెవి మెలిపెట్టాల్సింది," అంది టీచర్ కాస్త మెత్తగా. "సంతకం అందంగా ఉందని వదిలేశాను. తప్పు నాది కూడా."

నాలుగో రౌండు మిగిలింది. కాలు వాచి జీపు మెల్లగా నడిపాడు. సందులోకి వచ్చేసరికి రెండూ యాభై రెండు. పెన్ను మూత తీసి ఆ సమయమే వేశాడు. అంతా ప్రశాంతం అని రాయబోయి, ఆగి, చుట్టూ చూసి రాశాడు. "పొగ వాసన ఇంకా ఉంది. తాతగారు గిన్నె కోసం తిడుతున్నారు."

నాలుగింటికి టీచర్ ఫారం నింపి అతని చేతికిచ్చి దిగిపోయింది. సమయానికి విధులు నిర్వర్తించారా అన్న గడిలో "లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. దాని కింద ఇంకో ముక్క. "పన్నెండూ నలభైకి మాత్రం ఉన్నాడు. నేను చూశాను."

భార్య ఫోన్ చేసింది. "జాబితాలో పేరు పడినట్టేగా? పట్టీ చొక్కా ఇస్త్రీ చేయనా?"

"ఇప్పుడే వద్దు. అలా అని పట్టీ ఊడదీయకు."

"సరే, ఎప్పటిలాగే నాలుగూ పదికి వస్తావుగా?"

గడియారం ఫారం వైపు చూశాడు. దాన్ని స్టేషన్లో తనే అందించాలి.

"చెప్పలేను," అన్నాడు. "వచ్చినప్పుడు వస్తాను."

"ఏమయ్యా," అంది ఆవిడ, "నీ ఒంట్లో బాగానే ఉందా?"