ఒకే ఒక్క కాపీ

ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన పేస్టు. అక్కడ తయారయ్యేది ఇన్‌స్టంట్ కెమెరాల ఫిల్మ్. బటన్ నొక్కగానే కెమెరా నోట్లోంచి బయటికొచ్చే ఆ కాగితం అడుగున చిన్న సంచీలో చిక్కటి మందు ఉంటుంది. కాగితం బయటికొచ్చేటప్పుడు రోలర్లు ఆ సంచీని చిదిమి, మందును పొరల మధ్య పరుస్తాయి. బొమ్మ తేలేది దానివల్లే. పేస్టులా ఉండే ఆ మందు కలిపేది ఆయనే, అందుకే ఆ పేరు. ఒంటి మీద పడితే బొబ్బలెక్కే ఘాటైన మందు.

ఆయన పనిలో చేరిన కొత్తలో ఫిల్మ్ వేరుగా ఉండేది. కాగితం లాగి, కాసేపు ఆగి, పై పొర ఒలిచి పారేయాలి. నలుపు తెలుపు ఫొటో అయితే పైన పూత కూడా పూయాలి, లేకపోతే వెలిసిపోతుంది. తర్వాత అన్నీ ఒకే కాగితంలో ఇమిడిపోయిన రకం వచ్చింది. ఒలిచేది లేదు, పూసేది లేదు. పట్టపగలు ఎండలో చేత్తో పట్టుకుని చూస్తుంటే రంగులు వాటంతటవే పైకి తేలేవి. జనం ఎగబడి కొన్నారు. ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడిచింది. ఆపైన డిజిటల్ కెమెరాలు వచ్చాయి, వాటి వెనకే ఫోన్లు. గేటుకు తాళం పడింది.

ఆయన చెల్లెలు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగితే, ఆ బిడ్డకు స్నానం చేయించి, గుడ్డలో చుట్టి, ఇన్‌స్టంట్ కెమెరాతో ఒక ఫొటో తీసి చేతిలో పెట్టేది. ఫోన్లు వచ్చాక కూడా కొందరు తల్లులు దాన్నే అడిగేవాళ్లు. ఫోనులో ఉన్నది ఎవరి కంట పడుతుందో తెలియదు. చూసి ఏడవడం ఎందుకని ఎవరు చెరిపేస్తారో తెలియదు. ఈ కాగితం అలా కాదు. ఒకటే ఉంటుంది, తల్లి దగ్గరే ఉంటుంది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక పాతవాళ్లు కొందరు కూడి, తుక్కుకు పోబోతున్న ఒక యంత్రాన్ని కొని షెడ్డులో బిగించారు. యంత్రం ఉంది కానీ మందులో కలిపే రంగులు లేవు. వాటిని తయారుచేసేవాళ్లూ దుకాణం ఎత్తేశారు. పేస్టు వేరే రంగులతో మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. నానా తిప్పలూ పడితే చివరికి బొమ్మ తేలింది. పాలిపోయినట్టున్నా, అది బొమ్మే. ఆ రోజు షెడ్డులో పెద్ద పెద్ద మగాళ్లు పసిపిల్లల్లా కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడే చెల్లెలు అడిగింది.

"అన్నయ్యా, ఆసుపత్రిలో పాత ఫిల్మ్ అయిపోయింది. మీదొక ప్యాకెట్టు ఇస్తావా?"

"ఇంకా పరీక్షల్లోనే ఉందే."

"బొమ్మ పడుతుందిగా?"

"పడుతుంది. రంగే కాస్త తేడా."

ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్లకు తన ఫిల్మ్ ఒకరికి పనికొస్తోంది. ప్యాకెట్టు ఇచ్చేశాడు.

ఆ ప్యాకెట్టులోంచి మొదటి ఫొటో ఒక బస్సు కండక్టరుకు అందింది. నెలలు నిండాక ఆమె పాప కడుపులోనే పోయింది. ఫోనులో తీస్తానని భర్త అంటే ఆమె వద్దంది. నర్సు తీసిచ్చిన ఫొటోను గుండెలకు అదుముకుని ఇంటికి వెళ్లింది.

వానలు పట్టాక, షెడ్డు గోడకు అంటించిన పరీక్ష ఫొటోల్లో అంచుల నుంచి గోధుమరంగు లోపలికి పాకడం మొదలైంది. అద్దం మీద మంచులాగా పొరల మధ్య స్ఫటికాలు కట్టాయి. పేస్టు ఒక్కొక్కటే తీసి దీపం దగ్గర పెట్టి చూశాడు. ఏదీ మిగలలేదు. తిన్నగా చెల్లెలి దగ్గరికి వెళ్లాడు.

"ఆ కండక్టరమ్మ ఇల్లు ఎక్కడ?"

విషయం విన్నాక చెల్లెలు ఆసుపత్రి రిజిస్టరు తీసి చిరునామా వెతికింది. "నేనూ వస్తా" అంది.

వీళ్లను చూడగానే కండక్టరు ముఖంలో రంగు మారింది. ఫొటో పాడవుతోందని ఆమెకు ముందే తెలుసు. బీరువాలోంచి చీర మడత తీసుకొచ్చి బల్ల మీద విప్పింది. అందులో దాచిన ఫొటోలో పాప నుదురు, కళ్లు గోధుమరంగులో మునిగిపోయాయి. ముక్కు, నోరు, గుడ్డలోంచి బయటికొచ్చిన పిడికిలి మిగిలాయి.

"నేనేదో తడి చెయ్యి తగిలించాననుకున్నా సిస్టర్" అంది.

"మీ తప్పేం లేదమ్మా" అన్నాడు పేస్టు. "మందు నేను కలిపిందే. నిలుస్తుందో లేదో తెలియకుండా ఇచ్చాను."

ఆమె ఆయన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

"ఆపగలరా?"

"అంచులు కోసి, పొరలు విడదీసి, లోపలి మందు కడిగేస్తే ఆగొచ్చు. చిరిగిపోనూ వచ్చు. ముందు దీనికో ఫొటో తీసుకోండి."

ఈసారి ఆమె వద్దనలేదు. ఫోనుతో తీసుకుంది. పేస్టు బ్లేడుతో అంచులు కోశాడు. చేతులు కదలకుండా మోచేతులు బల్లకు ఆనించాడు. పొర మెల్లగా లేచింది. పెదవుల దగ్గరికొచ్చేసరికి బొమ్మ రెండు వైపులా చీలి, సగం ఆ పొరకు, సగం ఈ పొరకు అంటుకుపోయింది. పిడికిలి ఒక్కటే చెక్కుచెదరకుండా నిలిచింది.

కండక్టరు ఆ రెండు పొరలనూ పక్కపక్కన పెట్టుకుంది. తర్వాత నర్సు వైపు తిరిగింది.

"ముఖం మీరూ చూశారుగా సిస్టర్. నాకు అప్పుడు మత్తులో సరిగ్గా... ఎలా ఉంది?"

"నీలాగే ఉందమ్మా. జుట్టు ఒత్తుగా, నల్లగా ఉంది. గడ్డం మీద చిన్న సొట్ట. ఎడమ చెవి అంచు కాస్త ముడుచుకుని ఉంది."

"కుడి చెవి కదూ?"

"అవును, కుడిదే. నాకు ఎదురుగా ఉంది కదా, తిరగేసి చెప్పా."

కండక్టరు కళ్లు మూసుకుని విన్నది. మళ్లీ చెప్పమంది. చెల్లెలు మళ్లీ చెప్పింది.

తిరుగు బస్సులో అన్నాచెల్లెళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. పేస్టు కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"నిజంగా అంతా గుర్తుందా నీకు?"

"లేదు అన్నయ్యా." ఆమె చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "ఎంతమంది పిల్లల్నో చూశాను. ఏ ముఖమూ విడిగా గుర్తు లేదు."

మర్నాడు షెడ్డులో ఆయన పోట్లాట పెట్టుకున్నాడు. బొమ్మ నిలిచే మందు దొరికేదాకా ఫిల్మ్ అమ్మొద్దన్నాడు. మిగతావాళ్లు, అమ్మకపోతే ఆ మందు వెతకడానికి షెడ్డే ఉండదన్నారు. రెండూ నిజమే. ఆఖరికి ప్రతి ప్యాకెట్టు మీద 'ఈ బొమ్మ నిలవకపోవచ్చు' అని పెద్దక్షరాలతో అచ్చు వేయడానికి ఒప్పుకున్నారు. అది చదివి కూడా జనం సరదాకి కొన్నారు. పెళ్లిళ్లలో, విహారయాత్రల్లో ఫొటోలు తీసుకున్నారు.

నిలిచే మందు కుదరడానికి ఏళ్లు పట్టింది. ఆ ప్యాకెట్టు పట్టుకుని ఆయన ఆసుపత్రికి వెళ్లేసరికి చెల్లెలు ఉద్యోగం మానేసింది. కొత్త నర్సు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ ఇప్పుడు ఇలాంటి ఫొటోలేవీ తీయట్లేదండీ" అని తిరిగి ఇచ్చేసింది.